వాయిదాల మీద కొత్త కారా, ఉన్న డబ్బుతో పాత కారా: ఒడిశా సరిహద్దు ఊళ్ళలో ఉన్న మనవాళ్ళకి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం లాంటి ఊళ్ళలో కారు కొనాలనుకునే తెలుగు కుటుంబానికి సాధారణంగా మూడు దారులు కనబడతాయి. షోరూంకి వెళ్ళి ఫైనాన్స్ మీద కొత్తది తెచ్చుకోవడం ఒకటి. ఏడెనిమిదేళ్ళు నడిచిన బండిని ఉన్న డబ్బు పెట్టి కొనుక్కోవడం రెండోది. ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత కారుకే పని చేయించి ఇంకొన్నేళ్ళు లాగించడం మూడోది. మూడో దారిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. నా దృష్టిలో ముందుగా ఆలోచించాల్సింది దాని గురించే.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో డబ్బు నెలనెలా సమానంగా రాదు. జీడిపిక్కల వ్యాపారం, పత్తి, ధాన్యం, పెళ్ళిళ్ళ సీజన్‌లో నడిచే బట్టల కొట్టు, కాంట్రాక్టు పనులు, అన్నీ ఏడాదిలో కొన్ని నెలలే చేతి నిండా డబ్బు తెస్తాయి. అలాంటి ఇంటికి ప్రతి నెలా ఒకే తేదీన కట్ అయ్యే వాయిదా కంటే, బాగా చూసి కొన్న పాత కారే మేలు. స్థిరమైన జీతం ఉండి, వారంలో చాలా రోజులు ఘాట్ రోడ్ల మీద తిరగాల్సినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ గురించి చివర్లో చెబుతాను.

ముందు డబ్బు లెక్క

పాత కారు గురించి మాట్లాడేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. రిపేరు ఖర్చును సున్నాతో పోలుస్తారు. "పోయిన ఏడాది దీనికి నలభై వేలు తగలేశాను" అంటారు. కొత్త కారుకి వడ్డీ ఎంత, ధర ఎంత పడిపోయింది అన్నది మాత్రం ఎవరూ బిల్లు రాసి ఇవ్వరు కాబట్టి ఆ ఖర్చు కంటికి కనబడదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఆన్ రోడ్ ధర ఏడున్నర లక్షల చిన్న కారు. లక్షన్నర మనం కట్టి, ఆరు లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళకు అప్పు తీసుకున్నామనుకోండి. వాయిదా నెలకు సుమారు 9,650 రూపాయలు. ఏడేళ్ళు పూర్తయ్యేసరికి వడ్డీ ఒక్కటే 2 లక్షల 10 వేలు దాటుతుంది. అదే అప్పు ఐదేళ్ళకు పెట్టుకుంటే వాయిదా 12,450 దాకా అవుతుంది గాని వడ్డీ లక్షన్నర లోపే ఆగుతుంది. షోరూంలో వాయిదా ఎంత తక్కువో చెబుతారు. మొత్తం కట్టేది ఎంతో మనమే అడగాలి.

ఏడేళ్ళ లెక్కలో కొత్త కారుకి మనం పెట్టింది 9 లక్షల 60 వేలు. సర్వీసింగులకు 80 వేలు, షోరూం ఇచ్చిన బీమా గడువు తీరాక ఫుల్ ఇన్సూరెన్స్‌కి ఇంకో 80 వేలు వేద్దాం. చివర్లో అమ్మితే మూడు లక్షలు వచ్చాయనుకుంటే, నికరంగా పోయింది 8 లక్షల 20 వేలు.

ఇప్పుడు మూడు లక్షలకు ఎనిమిదేళ్ళ పెట్రోలు కారు. తీసుకున్న మొదటి నెలలోనే టైర్లు, బ్యాటరీ, ఆయిళ్ళు, పేరు మార్పు కలిపి 40 వేలు. ఆ తర్వాత ఏడాదికి 40 వేల చొప్పున రిపేర్లు, అంటే 2 లక్షల 80 వేలు. 1000 నుంచి 1500 సీసీ కారుకి థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే వర్తించేది) ప్రీమియం 2022 జూన్‌లో 3,416 రూపాయలుగా పెట్టారు. ఆ రేటున ఏడేళ్ళకు 24 వేలు. చివర్లో యాభై వేలకే అమ్మినా, నికర ఖర్చు ఆరు లక్షల లోపే.

తేడా 2 లక్షల పాతిక వేలు. నెలకు వేస్తే 2,700. చాలామంది ఊహించుకునేదానికంటే ఇది తక్కువే, అందుకే ఈ లెక్క వేసి చూపించాను. పాత కారు వల్ల లక్షలకు లక్షలు మిగిలిపోవు. పైగా థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే గుద్దుకున్నప్పుడు మన బండికి మనమే ఖర్చు పెట్టుకోవాలి. అంకెలు మీ ఊరి ధరలను బట్టి అటూ ఇటూ అవుతాయి, మీ సొంత అంకెలతో మళ్ళీ వేసుకోండి.

మరి పాత కారు ఎందుకు మేలంటున్నాను? ఖర్చు ఎప్పుడు పెట్టాలో చాలావరకు మనమే నిర్ణయించుకోగలం కాబట్టి. ఏసీ గ్యాస్ ఈ నెల కాకపోతే వచ్చే నెల. సైలెన్సర్ చప్పుడు పంట డబ్బులొచ్చేదాకా ఆగుతుంది. బ్యాంకు వాయిదా ఆగదు. రెండు వాయిదాలు తప్పితే పెనాల్టీతో పాటు సిబిల్ స్కోరు (అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుంది. ఆ స్కోరు పడితే రేపు ఇంటి లోనుకీ పిల్లల చదువు లోనుకీ ఇబ్బంది. వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఈ టెన్షన్ నెలకు 2,700 కంటే ఎక్కువే.

ఆపగలిగే ఖర్చులున్నట్టే, ఒక్క రోజు కూడా ఆపకూడనివీ ఉన్నాయి: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, ఇంజిన్ వేడెక్కడం. వీటికి ఎప్పుడూ పాతిక ముప్పై వేలు విడిగా ఉంచుకోలేనివాళ్ళు పాత కారు జోలికి పోకపోవడమే మంచిది. ఉన్నదంతా పెట్టి కారు కొనేస్తే మొదటి రిపేరుకే అప్పు చేయాల్సి వస్తుంది.

పాత కారును కూడా లోను మీద కొందామనుకునేవాళ్ళకి ఒక మాట. పాత బండ్ల లోనుకి వడ్డీ కొత్త బండ్ల కంటే ఎక్కువ. రెండున్నర లక్షలు 14 శాతానికి మూడేళ్ళు తీసుకుంటే నెలకు 8,540 కట్టాలి, అంటే కొత్త కారు వాయిదాకి దగ్గరదగ్గర. వాయిదా తప్పదు, రిపేర్లూ తప్పవు. ఈ దారిని నేను ఎవరికీ చెప్పను.

నంబరు ప్లేటు: సరిహద్దులో అసలు సమస్య ఇదే

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి రాసిన సలహాలు మనకు పూర్తిగా సరిపోకపోవడానికి కారణం నంబరు ప్లేటు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే. రాయగడవాళ్ళకి పార్వతీపురం, బరంపురంవాళ్ళకి ఇచ్ఛాపురం, జయపురంవాళ్ళకి సాలూరు, విజయనగరం. ఏదైనా పెద్ద అవసరమొస్తే అందరికీ విశాఖపట్నం. చుట్టాలూ అటే. కాబట్టి "మా బావమరిది కారు శ్రీకాకుళంలో ఉంది, తక్కువకే ఇస్తానన్నాడు" అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది.

మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, అక్కడి నంబరు తీసుకోవాలి. ఆంధ్రా నంబరు కారును గజపతి జిల్లాలో శాశ్వతంగా నడపాలంటే, ముందు అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తేవాలి. తర్వాత ఇక్కడి ఆర్టీఓలో దరఖాస్తు పెట్టి, బండి వయసును బట్టి ఒడిశా రోడ్డు టాక్స్ కట్టాలి. అప్పుడే గజపతికి ఓడీ 20, రాయగడకి ఓడీ 18, కోరాపుట్‌కి ఓడీ 10, గంజాంకి ఓడీ 07 నంబర్లు వస్తాయి. అమ్మినాయన అక్కడ కట్టిన లైఫ్ టాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడిగే అవకాశం ఉంది, కానీ ఆ డబ్బును నమ్ముకుని బేరం ఆడకండి. వస్తే వచ్చినట్టు.

అందుకని బేరం ఆడేముందు టాక్స్, ఏజెంటు ఖర్చు, రెండు ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులు, అన్నీ ధరకు కలపండి. అలా కలిపాక కూడా ఒడిశా నంబరు కారు కంటే స్పష్టంగా చవగ్గా ఉంటేనే అటువైపుది తీసుకోండి. పది ఇరవై వేల తేడా కోసం ఆ శ్రమ దండగ. అటువైపు ఊళ్ళలో కాపురం ఉంటూ ఒడిశా కారు కొనేవాళ్ళకీ లెక్క ఇదే, తిరగేసి వేసుకోవాలి.

"చుట్టాలమే కదా, పేరు మార్చకుండా నడుపుకో" అనేవాళ్ళుంటారు. ఒప్పుకోవద్దు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే బండి ఇచ్చేసిన మనిషి మెడకు చుట్టుకుంటుంది. కొన్నవాళ్ళకేమో పేరు మారకపోతే బీమా క్లెయిము దగ్గర పేచీ. పేరు మారాక పద్నాలుగు రోజుల్లోపు బీమా పాలసీ కూడా మన పేరు మీదకు మార్చమని కంపెనీకి రాయాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకు రాదు. అది మనిషిదే తప్ప బండిది కాదు.

డబ్బు ఇచ్చేముందు ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఇంకా ఉందా, బీమా ఎప్పటిదాకా ఉంది, చలాన్లేమైనా పెండింగ్ ఉన్నాయా అన్నీ తెలుస్తాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, సంతకమైన ఫారం 35 (ఆర్సీలో ఫైనాన్స్ కొట్టేయించే కాగితం) చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు ఎన్ని గంటలకు తీసుకున్నారో కూడా రాయించండి. ఆ ఉదయం పడిన చలాను ఎవరిదన్న గొడవ రాదు. కాగితం ఒడియాలో రాస్తే, చదవగలిగిన మనిషితో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా చదవడం రానివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

ఢిల్లీ నంబరు డీజిల్ కార్లు ఆశ పెట్టే ధరకు కనబడుతుంటాయి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద కొన్నేళ్ళుగా ఆంక్షలు ఉండడంతో అవి బయటి రాష్ట్రాలకు వచ్చేస్తున్నాయి. బండి బాగున్నా, అంత దూరపు ఎన్‌ఓసీలో ఒక్క తప్పుంటే సరిచేయించుకోవడం మన వల్ల కాదు. నేనైతే తీసుకోను.

బండిని చూడడం

గోపాలపురం, ఛత్రపురం, బరంపురం వైపు తిరిగిన కారు అయితే ముందు కింద చూడండి, తర్వాతే ఇంజిన్. ఉప్పుగాలికి రేకు అడుగు నుంచి తింటుంది. పైన కొత్త పెయింట్ మెరుస్తుంటుంది, కింద సస్పెన్షన్ బిగించే చోట తుప్పు పొరలుగా ఊడుతుంటుంది. ఇంజిన్ పాడైతే బాగు చేయించవచ్చు. బాడీ అడుగు పుచ్చితే ఆ బండి పని అయిపోయినట్టే.

తుపాను నీళ్ళలో మునిగిన కార్లు ఇంకో ప్రమాదం. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి, గంజాం, రాయగడ జిల్లాలతో పాటు శ్రీకాకుళం కూడా వరదల్లో చిక్కుకుంది. ఆ ఏళ్ళలో ఈ వైపు ఉన్న కారు అయితే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బురద మరక లోపలి భాగంలో దొరికిపోతుంది. సీటు కింద పట్టాలు, స్టెప్నీ పెట్టే గుంట, కార్పెట్ కింద వాసన కూడా చూడండి. మునిగిన బండి వైరింగు ఎన్నిసార్లు బాగు చేయించినా మళ్ళీ మొరాయిస్తుంది.

కొండ వైపు, అంటే సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే దారిలోనో, రాయగడ నుంచి కోరాపుట్ వైపో తిరిగిన బండికి తుప్పు తక్కువే ఉంటుంది గాని క్లచ్, బ్రేకులు, బుష్‌లు అరిగి ఉంటాయి. కాబట్టి టెస్ట్ డ్రైవ్ ఊళ్ళో చదును రోడ్డు మీద చేసి ఊరుకోకండి. దగ్గర్లో ఉన్న ఘాటీ ఎక్కించండి. నిండా మనుషులను కూర్చోబెట్టుకుని, ఏసీ వేసి, రెండో గేరులో ఎక్కించండి. ఇంజిన్ అరుస్తున్నా బండి ముందుకు లాగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టు. పైకి వెళ్ళాక ఆపి టెంపరేచరు ముల్లు చూడండి, బానెట్ ఎత్తి కూలెంట్ కారుతుందేమో చూడండి. రేడియేటరు మూత మాత్రం వేడి మీద తియ్యకండి. దిగేటప్పుడు గేరులోనే దిగుతూ మధ్యలో బ్రేకు నొక్కితే, పెడల్ మెత్తగా కిందకు పోకూడదు, స్టీరింగ్ వణకకూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పాతబడితే దిగుడులో వేడికి మరిగి, బ్రేకు పట్టదు. రెండేళ్ళకోసారి మార్చాలన్న నియమం చదును రోడ్డు మీద తిరిగేవాళ్ళు మరిచినా మన వైపువాళ్ళు మరవకూడదు.

ఉదయం చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి చూపించమనండి. మనం వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లోని సీలు) పోయిందని అనుమానం. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 1819 అంటే 2019లో పద్దెనిమిదో వారం. పైకి అరగనట్టు కనబడినా ఆరేళ్ళు దాటిన టైర్లకు ధరలో తగ్గించమని అడగండి.

ఏ మోడల్ అన్నదానికి నా సమాధానం సులువు: మీ ఊరి షెడ్డులో మేస్త్రి కళ్ళు మూసుకుని విప్పగలిగేది. ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, ఐ10, బొలెరో లాంటివి. సామాను బరంపురంలోనో విశాఖలోనో దొరికి, సాయంత్రం బస్సు పార్శిల్‌లో వచ్చేస్తుంది. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో ఆగిపోయింది. ఆ కార్లు మంచివే, కొన్ని చాలా మంచివి. కానీ గుణుపురంలో కూర్చుని చిన్న సెన్సార్ కోసం రెండు వారాలు ఎదురుచూడడం అందరికీ కుదరదు. ఇంకొకటి: పాత ఆల్టో 800 ఇంజిన్‌లో కాలానికి మార్చాల్సిన టైమింగ్ బెల్ట్ ఉంటుంది, ఎప్పుడు మార్చారో అడగండి. మారుతి కె-సిరీస్ ఇంజిన్లలో దాని బదులు చెయిన్ ఉంటుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు సంగతి. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లను దానికి తగ్గట్టు తయారు చేస్తున్నారు. అంతకుముందు కార్లకు మైలేజీ కొంచెం తగ్గుతుంది, రబ్బరు పైపులు త్వరగా గట్టిపడవచ్చు. సర్వీసింగ్‌లో ఫ్యూయల్ పైపులు చూడమని ప్రత్యేకంగా చెప్పండి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి తీరం వైపు కారును పెట్రోలుతో నెలల తరబడి కదపకుండా ఉంచకండి.

ఏ ఏడాది బండి

పాతదే కొంటాననుకుంటే, కుదిరినంతవరకు 2019 జులై తర్వాత తయారైన పెట్రోలు కారు చూడండి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అన్ని కార్లకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు కార్లలో చవక మోడళ్ళకు ఈ రెండూ లేకపోవడం మామూలే. వానలో తడిసిన ఘాట్ మలుపులో ఏబీఎస్ ఉన్న బ్రేకుకీ లేని బ్రేకుకీ తేడా ప్రాణాలంత. ముప్పై నలభై వేలు ఎక్కువైనా దీనికి పెట్టండి, అలాయ్ చక్రాలకీ స్టీరియోకీ కాదు.

ఇంట్లో ఉన్న పదమూడు పద్నాలుగేళ్ళ బండి సంగతి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు తీరుతుంది. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు, పరీక్షలో పాసైతే ఇంకో ఐదేళ్ళు ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఈ ఫీజు 5,000. ఇరవై ఏళ్ళు దాటిన కారుకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గడువు దాటితే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. బాడీ అడుగు గట్టిగా ఉండి, ఇంజిన్ ఆయిల్ తాగకుండా ఉంటే, ఈ ఫీజుతో పాటు నలభై యాభై వేలు సస్పెన్షన్, బ్రేకులు, టైర్ల మీద పెట్టడం మూడు లక్షలు పెట్టి ఎవరిదో తెలియని కారు తేవడం కంటే మంచిది. దాని జబ్బులన్నీ మీకు తెలుసు. అడుగు పుచ్చినా, ఇంజిన్ బోరుకొచ్చినా మాత్రం మమకారం పెట్టుకోకుండా వదిలేయండి.

కొత్తదే తీసుకోవాల్సినవాళ్ళు

జీతం నెలనెలా వచ్చే టీచర్లు, రైల్వే, బ్యాంకు ఉద్యోగులు. ఇంట్లో డయాలసిస్‌కో క్యాన్సర్ చికిత్సకో తరచు విశాఖ తీసుకెళ్ళాల్సిన మనిషి ఉన్నవాళ్ళు. రాత్రిపూట ఒంటరిగా ఘాట్ దాటాల్సిన ఉద్యోగం ఉన్న ఆడవాళ్ళు. వీళ్ళు నెలకు ఆ 2,700 పెట్టి కొత్తది కొనడం ఖర్చు కాదు, అవసరం. మధ్యలో ఆగిపోయిన కారు వల్ల పోయేది డబ్బు మాత్రమే కాదు వాళ్ళకి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి అంతకుముందు విన్న ధరలు పట్టుకుని ఆగిపోకండి, కొత్తగా కొటేషన్ తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే బీహెచ్ నంబరు (ఏ రాష్ట్రంలోనైనా చెల్లేది) అడగండి. బదిలీ మీద ఒడిశా నుంచి ఆంధ్రాకి వెళ్ళినా నంబరు మార్చే పని ఉండదు, టాక్స్ రెండేళ్ళకోసారి కట్టుకోవచ్చు.

అప్పు ఐదేళ్ళు మించకుండా చూసుకోండి. ఐదేళ్ళ వాయిదా మోయలేమనిపిస్తే ఒక మెట్టు చిన్న కారు చూడండి, గడువు పెంచకండి. బీమా కంపెనీల తరుగుదల పట్టికలో నాలుగేళ్ళు దాటిన కారు విలువ సగానికి వస్తుంది. ఏడేళ్ళ అప్పులో నాలుగేళ్ళు కట్టాక కూడా అసలు సగం దాకా మిగిలే ఉంటుంది. ఆ సమయంలో ఏదైనా ఇబ్బంది వచ్చి అమ్ముదామన్నా, వచ్చిన డబ్బు బ్యాంకుకే పోతుంది. చివరగా, వారంటీ నిలబడాలంటే కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్ళాలి. మల్కన్‌గిరి లాంటి చోట ఉన్నవాళ్ళు, ఏ కంపెనీ సర్వీసు తమకు దగ్గరో చూసుకున్నాకే మోడల్ ఎంచుకోవాలి.